ఆమెన్‌కు ముందు

సాయంత్రం ఇంటి ప్రార్థనలో ఆమెన్ అనేముందు మా అవ్వ ఆగి, "ఇంగెవురన్నా మిగిలినారా?" అని అడిగేది. గుడికి వెళ్లే పక్కింటి మగ్గం వాళ్లు, గొర్రెలు తోలుకుని మడకశిర వైపు వెళ్లిన కాపరి, మా చేలో చుక్క నీరు పడని బోరు వేసిన లారీ డ్రైవరు, అందరి పేర్లూ ఆ ప్రార్థనలో ఉండాల్సిందే. కూలికి వెళ్లొచ్చిన మాకు మోకాళ్లు లాగేవి. పొయ్యి దగ్గర సంగటి చల్లారేది.

మొన్న వేసవిలో అవ్వ మంచం పట్టింది. ప్రార్థన నా మీద పడింది. పేర్లన్నీ గబగబా ఒప్పజెప్పాను.

"ఇంగెవురన్నా మిగిలినారా?" అంది, కళ్లు మూసుకునే.

"ఎవురూ లేరవ్వా. ఆమెన్ అను."

కళ్లు తెరిచి నన్ను కాసేపు చూసి, "ఆమెన్" అంది.

నోట్లో ముద్ద పెట్టుకున్నాక గుర్తొచ్చింది, మంచంలో ఉన్న మనిషినే మరిచిపోయానని.