కాశీబుగ్గలో నేను ఆఫీసరైన సాయంత్రం

శనివారం నుంచి నా ఫొటో ఒకటి కాశీబుగ్గ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. చూశారా? చూడలేదా! అయితే నేనే చెప్పేస్తాను. ఇంకెవరైనా చెబితే నాలుగు కలిపి చెబుతారు. టీ గ్లాసులు మాత్రం కింద పెట్టి వినండి.

నా ఫోన్ ఫొటోల పిచ్చి మీకు తెలిసిందే. విశాఖలో ఒక ఫొటోల గ్రూపు వాళ్ళు పోటీ పెట్టారు. చిన్న పట్నాల వీధులు, ఫోన్‌తోనే తీయాలి. నచ్చినవాటిని పెద్దగా ప్రింటు వేయించి గోడకి తగిలిస్తారట. కిందటిసారి నేను టెక్కలి బజారు ఫొటో పంపితే, "అందరూ పాస్‌పోర్ట్ ఫొటోకి నిలబడ్డట్టున్నారండీ" అని ఒకాయన కామెంట్ పెట్టాడు. టెక్కలి బ్యాంకులో మావాళ్ళంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడ పద్మ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సూడు, ఈసారి ఒక్కడు కూడా కెమేరా కేసి సూడని ఫొటో తీసి గోడకెక్కించకపోతే నా పేరు మార్చుకుంటాను!" అనేశాను. నోరు జారాక చేసేదేముంది?

ఆఖరి రోజు శనివారం, సాయంత్రం ఆరులోపు పంపాలి. ఫొటో కింద ఊరి పేరూ, మ్యాపూ పడే యాప్‌తోనే తీయాలని ఒక రూలు. మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆఫీసు బట్టల్లోనే పలాస పక్కనున్న కాశీబుగ్గకి బస్సెక్కేశాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. డ్రైవర్ వెనకాల నిలబడి ఎండ కేసీ, టైము కేసీ చూస్తూనే ఉన్నాను.

ఇంకో సంగతి. కాశీబుగ్గ మా అత్తారి ఊరు. ఆ సంగతి నేను కావాలనే మర్చిపోయాను. వాళ్ళింటికెళ్తే కాళ్ళకి నీళ్ళు, జీడిపప్పు ఉప్మా, ఆ తర్వాత "కాసేపు నడుం వాల్చండి". ఈలోగా ఎండ దిగిపోతుంది! అందుకే మా బావమరిది రాంబాబుకి కూడా చెప్పలేదు.

దిగింది మొదలు తిరుగుడే. మెయిన్‌రోడ్డులో కొబ్బరిబోండాలు కొట్టే అతను భలే కుదిరాడు. నొక్కేలోపు కత్తి పక్కన పెట్టి జుట్టు సవరించుకున్నాడు. ఒక సందులో ఆవుని తీద్దామంటే అది కూడా నాకేసే చూసింది! టైము చూస్తే అయిదు దాటింది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

అప్పుడు దొరికింది ఆ వీధి. నీలం రంగు తలుపు, అరుగు మీద జీడిపప్పు ఏరుతున్న ఒక పెద్దావిడ, వెనకాల జీడి ఫ్యాక్టరీ పొగలో పచ్చటి ఎండ. ఊపిరి బిగబట్టి ఫోన్ ఎత్తాను. ఆవిడ తలెత్తింది.

"ఏటి బాబూ, ఇల్లు తీత్తన్నావా?"

"లేదమ్మా, ఊరికే..."

ఆవిడ లేచి వచ్చి నా ఫోన్లోకి తొంగి చూసింది. "ఓలమ్మ! కింద మ్యాపొత్తంది! మొన్న గవర్నమెంటు ఇల్లిత్తామని మా సెల్లి ఇంటికొచ్చిన ఆపీసర్లు ఇలగే తీసారు. ఒలే, రండర్రా! ఇళ్ళు రాసుకోడానికొచ్చారు!"

నా మెడ కేసి చూసుకున్నాను. బ్యాంకు ఐడీ కార్డు మెళ్ళోనే వేలాడుతోంది. ఇంకేం చెప్పినా ఎవరు వింటారు?

ఒక్కటి తీస్తే వదులుతుంది కదా అని, "సరే, నిలబడమ్మా" అన్నాను. అదీ నా తెలివి! చిటికెలో వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒకరు ఆధార్ కార్డు గుండెకి ఆనించుకుని నిలబడిపోయారు. అటెన్షన్‌లో! "మా రేకులు తుఫానుకెగిరిపోయాయి, అవి పడేలా తియ్యి బాబూ" అని ఒకాయన. ఇంకొకాయన మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ మీదకొచ్చాడు. "ఎవుడ్రా రోడ్డు ఎడల్పుకి కొలతలేత్తన్నాడు? నా అరుగు ముట్టుకుంటే సూడు!"

ఈ గోలలో ఫోన్ మోగింది. రాంబాబు!

"బావా, టెక్కలిలోనే ఉన్నావా?"

"ఆఁ... బ్యాంకులోనే. పనిలో ఉన్నాను."

"అయితే ఓ సాయం సెయ్యి. మా పక్కీధికి ఎవుడో ఆపీసరొచ్చాడట. మనిల్లు కూడా తీయించాల. నీకు ఆపీసర్లతో మాటాడ్డం అలవాటే కదా, ఓ ముక్క సెప్పు. లైన్లోనే ఉండు, నానెల్లి ఫోన్ ఆయన సేతికిత్తాను."

ఫోన్ చెవికి ఆనించుకుని అటు పరిగెత్తబోతే అరుగాయన, ఇటు చూస్తే రేకులాయన. ఈలోగా వీధి మలుపు తిరిగి రాంబాబు రానే వచ్చాడు. చెవి దగ్గర ఫోన్, చేతిలో ఆధార్, వెనకాల మా అత్తగారు. నేను వాళ్ళకి వీపు తిప్పేశాను.

"సార్, సార్! ఒక్క నిమిషం మా బావతో మాటాడండి," అంటూ నా భుజం తట్టి ఫోన్ చాపాడు.

తిరిగాను. ఏం చేయాలో తోచక, చెవి దగ్గరున్న నా ఫోన్లోనే "హలో" అన్నాను. ఆ హలో వాడి చేతిలో వినబడింది.

వీధంతా చప్పున ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ముందుగా నోరు తెరిచింది మా అత్తగారే. "ఊర్లోకొచ్చి మా గుమ్మం తొక్కకుండానే ఎల్లిపోదామనుకున్నారేటి బాబూ?"

"ఓసోస్, మనూరల్లుడేనేటి!" అంది నీలం తలుపావిడ, ఆధార్ కార్డు కొంగున ముడేసుకుంటూ.

అక్కణ్ణుంచి ఊరేగింపే. కాళ్ళకి నీళ్ళు, జీడిపప్పు ఉప్మా, ఏవీ తప్పలేదు. ప్లేటు ముందు కూర్చుని ఫోన్లో ఫొటోలు వెతికాను. అన్నీ ఆధార్ కార్డులే. ఆవు కూడా పాస్‌పోర్ట్‌కి నిలబడ్డట్టే ఉంది. చూస్తుండగానే ఆరు దాటిపోయింది.

అప్పుడే పద్మ దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. ఆపీసరొచ్చినట్టు రుజువుండాలని నీలం తలుపావిడ తన పగిలిన ఫోన్‌తో తీసి ఊరి గ్రూపులో పెట్టిందట. పచ్చటి ఎండ, జీడి పొగ, ఆధార్ కార్డులతో కొయ్యబారిపోయిన జనం, అందరి చూపూ మా మీదే. మధ్యలో చెరో ఫోన్ పట్టుకుని నేనూ, రాంబాబూ, ఇద్దరం నోళ్ళు తెరుచుకుని. అబ్బ, ఏం ఫొటో అండీ అది! కడుపు రగిలిపోయింది నాకు.

వెనకే పద్మ ఫోన్. "మొత్తానికి సాధించారు! ఒక్కలు కూడా కెమేరా కేసి సూడనేదు. మీతో సహా."

ఇక పేరు సంగతంటారా? ఆ శ్రమ నాకు లేకుండా కాశీబుగ్గ వాళ్ళే మార్చేశారు. ఇప్పుడు ఆ వీధిలో నన్నందరూ ఆపీసరల్లుడనే పిలుస్తున్నారు.