మామ్మగారి డాబా మీద మైనం బిళ్లలు

ఆ రోజుల్లో బెజవాడ ఎండలకి భయపడనివాళ్లు రెండే రకాలు: చలివేంద్రంలో కుండ పక్కన కూర్చున్నవాళ్లు, నాలాగా ఎండ మీదే పరిశోధన చేస్తున్నవాళ్లు. డెబ్భైల్లో నేనొక ఇంజినీరింగ్ కాలేజీలో టెంపరరీ డెమాన్‌స్ట్రేటర్ని. వేసవి సెలవులయ్యేలోగా పనికొచ్చే ప్రయోగం ఒకటి చేసి చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని రాస్తానని మా హెడ్ గారు మాటిచ్చారు. లేకపోతే జూన్‌లో పెట్టె సర్దుకోవడమే. (సర్దడానికి రెండు పంట్లాలు, లెక్కలు కట్టుకునే స్లైడ్ రూలు ఒకటి తప్ప ఏమీ లేవన్నది వేరే సంగతి.)

నా ఊహ ఇదీ. సిమెంటులో మైనం కలిపి బిళ్లలు పోసి డాబా మీద పరిస్తే, పగటి వేడంతా మైనాన్ని కరిగించడానికే సరిపోతుంది. కింద గది చల్లగా ఉంటుంది. సాయంత్రం మైనం మళ్లీ గడ్డకడుతూ, దాచుకున్న వేడిని బయటికి వదిలేస్తుంది. ఈ రాకపోకలన్నీ గంటగంటకీ లెక్కగట్టి నలభై పేజీల నోటుబుక్కు నింపాను. సూర్యుడే దిగొచ్చి ఆ పుస్తకం తిరగేసి ఉంటే తన డ్యూటీ టైములు సరిచూసుకునేవాడు.

డాబా గవర్నర్‌పేటలో నేను అద్దెకున్న ఇంటిది. ఇంటావిడని మామ్మగారూ అని పిలిచేవాణ్ణి, రిటైరైన టీచరు. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు పోగుచేసి గోనెసంచెడు ఇచ్చింది. అవి చాలక హోల్‌సేల్ కొట్టుకెళితే కొట్టాయన నా చీటీ చూసి, "ఇన్ని కొవ్వొత్తులా? కరెంటు మీద బొత్తిగా నమ్మకం పోయిందాండీ?" అన్నాడు.

నడి మే నెలలో ఒక మధ్యాహ్నం హెడ్ గారు తెల్లపంచె కట్టుకుని పరీక్షకి వచ్చారు. బిళ్లలు పరిచిన నా గదిలో థర్మామీటరు చూశారు, బిళ్లల్లేని పక్కగదిలోది చూశారు, మళ్లీ నా గదికొచ్చారు. "ఏమోయ్, మంచం కింద ఐసుగడ్డలేమన్నా దాచావా?" అంటూ వంగి చూశారు కూడా. (ఆ చల్లదనానికి మామ్మగారి పిల్లి తుమ్మిందని ఇప్పటికీ చెబుతుంటాను. మామ్మగారికి పిల్లి లేదు, మిగతాదంతా నిజం.) ఉద్యోగం చేతికందినట్టే అనుకున్నాను.

పొద్దు వాలితే ఊరు ఊరంతా డాబాలెక్కేది. నాలుగు బక్కెట్ల నీళ్లు చల్లి, కృష్ణ మీంచి వచ్చే గాలికి నడుం వాల్చేవాళ్లు. మామ్మగారు అలవాటు ప్రకారం నీళ్లు చల్లి, "సారుగారూ, గాలికి పైకి రండి" అని పిలిచింది. ఆయన వెళ్లారు. నేను కింద లెక్కలు సరిచూసుకుంటున్నాను. కాసేపటికి పైనుంచి నిదానంగా వినిపించింది: "ఏమోయ్, ఒకసారి రా."

నోటుబుక్కుతో మెట్లెక్కేసరికి హెడ్ గారు బిళ్లల మీద వెల్లకిలా ఉన్నారు.

"నీ మైనం గడ్డకట్టేది ఎన్నింటికన్నావ్?"

"ఆరున్నరకి సార్."

"టైముకే కడుతోంది. నా పంచెతో కలిపి."

కరిగిన మైనం బిళ్లల్లోంచి పైకి ఊరి, ఆయన్ని పట్టుకుంది. మామ్మగారు అట్లకాడ తెచ్చి అంచులు లేపుతూ, "కదలకండి సారుగారూ, అట్టు విరిగిపోద్ది" అంది.

"వేడి ఎటు వదులుతుందని రాశావ్?"

"బయటికి సార్."

"కింద గది రాశావ్, పైన ఆకాశం రాశావ్. మధ్యలో పడుకునేవాడేడయ్యా?"

నలభై పేజీల్లో ఎక్కడా లేడు. రోజూ పొద్దుపోయాక అదే డాబా మీద పడుకునే నేను కూడా లేను. మనసులోనే పెట్టె సర్దేసుకున్నాను.

ఆయన లేచారు (పంచెలో జానెడు ముక్క బిళ్ల మీదే ఉండిపోయింది). కుడికి వంగారు, ఎడమకి వంగారు. "మూడేళ్ల నడుంపట్టు వదిలిందోయ్" అన్నారు. మర్నాడే నా పర్మనెంటు కాగితం రాశారు. అందులో గది చల్లదనమే తప్ప నడుం ఊసు లేదు. కానీ ఆ వేసవంతా ప్రయోగం పర్యవేక్షించడానికి సాయంత్రాలు స్వయంగా వచ్చేవారు, పాత దుప్పటి చంకన పెట్టుకుని.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాటులో ఏసీ కింద కూర్చుంటే నా నడుమూ పట్టేస్తోంది. శిష్యులు కంప్యూటర్లో ఇలాంటి లెక్కలే గీసి తెస్తారు. అంతా చూసి, "సాయంత్రం దీని మీద ఎవరు పడుకుంటారు?" అంటాను. కాగితాలు మళ్లీ మొదట్నించీ తిరగేస్తారు, అచ్చం డాబా మెట్ల దగ్గర నోటుబుక్కుతో నిలబడ్డ ఆనాటి బక్కపలచటి వాడిలాగే. వాణ్ణి చూసినట్టే ఉంటుంది నాకు. కోప్పడబుద్ధి కాదు.