రాగి మెడలో ఒంటె గంట

ఊరి చివర మోటార్లకు వైండింగ్ చేసే షాపు, దాని వెనక పెద్ద ఆవరణ. ఆ ఆవరణలో రెండు కుక్కలు, రెండు గుర్రాలు, ఒక మొగుడు, ఒక ఆడపడుచు ఉంటారు. వీళ్లంతా అక్కడికి ఒకే దారిన చేరారు. ఎవరో వచ్చి అడిగారు, ఆ ఇంటావిడ సరే అంది. ఊరు ఊరంతా ఆవిడను సరేనమ్మ అంటుందంటే అనదా మరి?

మోటార్ల మేస్త్రీ పెళ్లి చేసుకుంటావా అని అడిగితే అడిగిన నోరు మూయకముందే సరే అంది. కాస్త ఆలోచించుకుని చెప్పమని అతనే బతిమాలాడట. అతని అక్క వచ్చి, ‘ఓ వారం ఉండి పోతానే’ అంటే సరే అంది. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. కుక్కలు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న పక్కింటివాళ్లవి. అందులో ఒకటి వచ్చిన ప్రతి బండి చక్రాలూ వాసన చూస్తే గాని లోపలికి రానివ్వదు కాబట్టి అది ఇన్‌స్పెక్టర్. ఇన్‌స్పెక్టర్ ఏది అరిస్తే అది తనూ అరిచేది గుమాస్తా.

గుర్రాల కథా అంతే. స్వారీ నేర్పే క్లబ్బు ఒకటి మూతపడితే, దాని మేనేజరు ‘కాస్త సర్దుకునేదాకా’ రెండు గుర్రాలను ఉంచుకోమన్నాడు. ఆ మహానుభావుడు ఇంకా సర్దుకుంటూనే ఉన్నాడు. గుర్రాన్ని క్యాలెండర్ మీద తప్ప చూసి ఎరగని సరేనమ్మ గిట్టలు గీకడం, జీను బిగించడం, కడుపునొప్పి కనిపెట్టడం, అన్నీ తన్నులు తింటూనే నేర్చుకుంది. ఆదివారాలు పిల్లలకు స్వారీ నేర్పేదాకా వచ్చింది. వాటిలో మగది తెల్లోడు, ఆడది రాగి. ఎక్కడికి పోయినా తెల్లోడు ముందు, వాడి తోకకు మూతి ఆనించి రాగి వెనక. వాడు కాలువ దూకితే ఇదీ దూకేది, వాడు బురదలో దిగితే ఇదీ దిగేది.

పోయిన చలికాలం తెల్లోడికి పేగు మెలిపడింది. లారీ ఎక్కించి గేటు దాటించారు. వాడు మళ్లీ ఆ గేట్లోంచి రాలేదు. ఆనాటి నుంచి రాగి గేటు దాటలేదు. తిండి సగం మానేసింది. తోడుంటే మళ్లీ మనుషుల్లో పడుతుందేమోనని ఓ పిల్లగుర్రాన్ని తెచ్చి పక్కన కట్టారు. రాగి దాని వంక ఒక్కసారి చూసి, అద్దెకొచ్చిన వాళ్లను చూసినట్టు మొహం తిప్పేసుకుంది. పశువుల డాక్టరు వచ్చి కడుపు మీద చెయ్యి వేసి చెప్పాడు.

“నడవకపోతే దీని పేగులు కదలవమ్మా. ఇలాగే నిలబడిపోతే వానలదాకా కూడా ఆగదు. బాధపడి పోయేకంటే, బాధ లేకుండా పంపించేయడం కూడా ధర్మమే. ఆలోచించుకోండి.”

ఆ ఒక్కదానికీ సరేనమ్మ నోట సరే రాలేదు. కాదు అనడం ఎలాగూ చేతకాదు. అందుకని డాక్టరు బ్యాగు సర్దుకుని వెళ్లిపోయేదాకా కిమ్మనకుండా నిలబడింది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే క్యారెట్టు చేత్తో పట్టుకుని, రాగికి ఎదురుగా నిలబడి, బుజ్జగిస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పట్టి లాగేది. రాగి గేటు దాకా వచ్చేది. గేటు దగ్గర నాలుగు కాళ్లూ భూమిలో పాతేసేది.

“గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టుంది మన బతుకు,” అనేది ఆడపడుచు వరండాలోంచి. అని, ఎవరూ చూడకుండా వెళ్లి రాగి మెడ నిమిరి వచ్చేది.

ఇదిగో, సరిగ్గా ఆ రోజుల్లో ఒంటెలు వచ్చాయి.

మూడు ఒంటెలు, వాటి ముందు ఎండకు మాడిన ఓ పెద్దాయన. నడక సరదా ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని ఒంటెలతో ఊళ్లూ పొలాలూ తిప్పడం ఆయన పని. ఒక జట్టును ఓ మజిలీలో వదిలి, ఇంకో మజిలీలో ఇంకో జట్టును కలుపుకోవడానికి పోతుంటే దారిలో నడిమి ఒంటె అరికాలు గీరుకుపోయింది. కాస్త నయమయ్యేదాకా చోటిస్తారా అని గేటు దగ్గర నిలబడి అడిగాడు. జవాబు మీకు తెలుసు.

షాపులో రాగితీగ చుడుతున్న మేస్త్రీ తల ఎత్తకుండానే, “ఎవరే వచ్చింది?” అన్నాడు.

“చుట్టాల్లాంటి వాళ్లేనండీ.”

“భోజనానికి ఉంటారా?”

“తుమ్మకొమ్మలు తింటారటండీ.”

అప్పుడు ఎత్తాడు తల. ఎత్తాడు, ఇంకా ఎత్తాడు. ఒంటె మొహం కనపడేసరికి మెడ పట్టేసింది. ఇన్‌స్పెక్టర్ ఉరికి వచ్చి అలవాటు ప్రకారం చక్రాల కోసం వెతికింది. చక్రాలు లేవు. కాళ్లు వాసన చూసింది, అలా పైకి చూసుకుంటూ పోయి, చివరికి తన వెనకున్న గుమాస్తా మీద కూలబడింది. పిల్లగుర్రం షెడ్డులో దూరి గోడకు మొహం పెట్టుకుంది. ఒంటెలు మాత్రం పెళ్లివారిలా తాపీగా దిగి, కంచె పొడుగునా ఆడపడుచు పెంచుకున్న పూలమొక్కలతో ఫలహారం మొదలుపెట్టాయి.

సాయంత్రం టీ తాగుతూ పెద్దాయన తన పనితనం చెప్పుకొచ్చాడు. ఒంటెల వరసను నడిపేవాడు ముందే నడవాలి, వెనక్కి తిరగకూడదు. తిరిగితే మొదటిది ఆగుతుంది, అది ఆగితే అన్నీ ఆగుతాయి.

“ఆగిన ఒంటెను కదిలించడం కన్నా కొండను కదిలించడం నయమమ్మా. అందుకే ఆఖరిదాని మెడలో గంట కడతాం. గంట వినపడుతోందంటే అందరూ వస్తున్నట్టే. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి వెనక్కి చూసి ఎరగను.”

ఒక ఒంటె ముక్కుతాడును ముందున్న ఒంటెకు కట్టేచోట కావాలనే ఓ సన్నదారం ముక్క వేస్తారని కూడా చెప్పాడు. ఒంటె మొండికేస్తే దాని ముక్కు చీలకుండా దారమే తెగిపోతుందట.

ఆఖరి ఒంటె పేరు చివరమ్మ. కంచె వారగా కూర్చుని నెమరు వేస్తోంది. దవడ కదిలినప్పుడల్లా గంట డింగుమంటోంది. డింగుమన్నప్పుడల్లా కంచెకు ఇవతల రాగి చెవులు అటు తిరుగుతున్నాయి. కాసేపటికి రాగి ఒక్కో అడుగే వేసుకుంటూ కంచె దగ్గరికి వచ్చి, తల అటు పెట్టి, చివరమ్మ ముందున్న మేతలోంచి ఓ గుప్పెడు లాక్కుంది. నమిలింది. మళ్లీ లాక్కుంది. సరేనమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కడ మానేస్తుందోనని భయం.

కానీ సంతోషాన్ని నిలవనిస్తేనా. చివరమ్మ నెమరు వేస్తే గంట, గంట మోగితే ఇన్‌స్పెక్టర్, ఇన్‌స్పెక్టర్ మొరిగితే అవునవునని గుమాస్తా.

“ఇది ఇల్లా, రైల్వే స్టేషనా?” అంది ఆడపడుచు. “ముందు ఆ గంట విప్పెయ్యి.”

“సరే వదినా,” అంది సరేనమ్మ. అప్పటికే పెద్దాయన వరండాలో గుర్రుపెడుతున్నాడు, లేపడం దేనికని తనే విప్పింది. విప్పగానే రాగి తల ఎత్తేసింది. అటు చూసింది, ఇటు చూసింది, మేత వదిలేసింది. సరేనమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఒంటె మెడలో గంట వద్దని వదిన అంటోంది. గంట లేకపోతే నేను తిననని రాగి అంటోంది. ఇద్దరికీ సరే అనాలంటే మిగిలింది ఒకటే దారి. గంట తెచ్చి రాగి మెడలో కట్టింది. గుర్రం నెమరు వెయ్యదు కాబట్టి గోలా తక్కువ. రాగి బకెట్టు అడుగు నాకేదాకా తిన్నది. ఒంటెలు ఉన్నన్నాళ్లూ అదే ఏర్పాటు. గంట వినపడుతున్నంతసేపూ అది ఎవరి మెడలో ఉందో పెద్దాయన చూసింది లేదు. వెళ్లేముందు విప్పి ఇచ్చేద్దాంలే అనుకుంది.

అనుకుంది. చేయలేదు.

పెద్దాయన బయలుదేరిన పొద్దున సరేనమ్మ వంటింట్లో పాలు పొంగకుండా కాపలా కాస్తోంది. ఆయన మసక వెలుతురులో ఒంటెలను ఒకదానికొకటి కట్టుకుని, ముందుకు వెళ్లి నిలబడి, “వెళ్లొస్తానమ్మా” అని కేకేశాడు. ఈవిడ లోపలినుంచే మంచిదండీ అంది. గంట డింగు డింగుమంటూ గేటు దాటి రోడ్డెక్కింది. అయ్యో, గంట వెళ్లిపోతోంది, ఇక రాగి మళ్లీ తిండి మానేస్తుందే అని సరేనమ్మ పైటతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకుంటూ ఉండగా వెలిగింది, గంట వెళ్లిపోతోంది సరే, గంటను తను విప్పితే కదా.

అదే నిమిషాన పెరట్లోంచి ఆడపడుచు పొలికేక. చివరమ్మ తీరిగ్గా కూర్చుని ఆవిడ ఉతికి ఆరేసిన చీర నములుతోంది. మూతి కింద దారం ముక్క తెగి వేలాడుతోంది. చీర మీద మనసుపడి కదలనని కూర్చుంటే దారం తెగింది. తెల్లోడు పోయాక గేటు దాటని రాగిని కట్టేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. కొట్టం ఖాళీగా ఉంది.

“రాగి ఏది?” అన్నాడు మేస్త్రీ.

“ఒంటె అయిపోయిందండీ,” అంది సరేనమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

చివరమ్మను లేపడానికి మేస్త్రీ తోశాడు, లాగాడు, దండం పెట్టాడు. అది చీర అంచు దాకా వచ్చి రంగు బాగుందన్నట్టు కళ్లు మూసుకుంది. అప్పుడు ఆడపడుచు కొంగు బిగించి దాని ఎదురుగా నిలబడింది. నువ్వు ఆడపుటక పుట్టావా, పరాయి ఇంటికొచ్చి ఇదా మర్యాద, తిన్నది చాలక తిష్టవేస్తావా అని మొదలుపెట్టి దాని ఏడు తరాలూ కడిగేసింది. ఇంత చక్కగా తనతో ఎవరూ మాట్లాడలేదేమో, చివరమ్మ మొదట వెనకకాళ్లు లేపి, తర్వాత ముందుకాళ్లు లేపి, నిలబడి ఆవిడ వెంట పసిపిల్లలా నడిచింది. మేస్త్రీ బెదిరిన పిల్లగుర్రాన్ని పట్టుకుని షెడ్డులో ఉండిపోయాడు. ఎవరిని ఎవరు పట్టుకున్నారో చూసినవాళ్లు చెప్పాలి.

వీధిలో షట్టరు ఎత్తుతున్న టైలరు ఎత్తింది ఎత్తినట్టే వదిలేశాడు. సగం గడ్డం గీయించుకున్న మనిషి సెలూన్లోంచి బయటికొచ్చి చూశాడు. ముందు చెప్పుల్లేకుండా పరుగెడుతున్న సరేనమ్మ, వెనక సగం చీర ఒక చేత్తో, ఒంటె తాడు ఇంకో చేత్తో ఆడపడుచు, ఆ వెనక ఇన్‌స్పెక్టర్, గుమాస్తా.

“ఎక్కడికండీ పొద్దున్నే?” అన్నాడు టైలరు.

“వాకింగుకి,” అంది ఆడపడుచు.

ఊరు దాటి కాలువగట్టు రోడ్డు మలుపు తిరిగాక కనిపించారు. ముందు పెద్దాయన, వీపు నిటారుగా పెట్టుకుని పోతున్నాడు. వెనక ఒంటె, దాని వెనక ఒంటె. ఆ వెనక, ఒంటె తోకకు మూతి ఆనించి, పిరుదులు ఊపుకుంటూ, గంట మోగించుకుంటూ రాగి. ఎవరూ లాగడం లేదు. ఎవరూ బుజ్జగించడం లేదు. వీధులూ, వంతెనా, లారీలూ అన్నీ దాటుకుని నడిచి వచ్చేసింది.

సరేనమ్మ ఆగిపోయింది. ఇంత సంతోషం తన ఒంట్లో పడుతుందని ఆవిడ అనుకోలేదు.

“పిలవవేం?” అంది ఆడపడుచు రొప్పుతూ.

“వద్దు వదినా. కాసేపు నడవనీ.”

ఇద్దరూ చప్పుడు చేయకుండా వెనకే నడిచారు. ఇంకా చాలా దూరం నడిచేవాళ్లే గాని, తనవాళ్లను చూసిన చివరమ్మ డోలు పగిలినట్టు అరిచింది. తన గంట తన వెనక మోగుతుంటే తన ఒంటె అంత దూరాన అరవడమేమిటి? పెద్దాయన జన్మలో మొదటిసారి వెనక్కి తిరిగాడు. ఆయన చెప్పినట్టే అన్నీ ఆగిపోయాయి. ఆయన రాగిని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు.

“మాది కాస్త పొడుగ్గా ఉండాలి కదమ్మా,” అన్నాడు చివరికి.

నవ్వి నవ్వి ముగ్గురూ గట్టు మీద కూలబడ్డారు. తర్వాత గంట చివరమ్మ మెడలోకి వెళ్లింది, కొత్త దారం పడింది, పెద్దాయన ఇచ్చిన తాడు ఒకటి రాగి మెడకు పడింది, ఒంటెలు కదిలాయి. రాగి వాటి వెంట రెండడుగులు వేసి, తాడు అడ్డం వచ్చి ఆగిపోయింది. సరేనమ్మ ఎదురుగా నిలబడి రా తల్లీ, రా బంగారం అంటూ లాగింది. రాగి నాలుగు కాళ్లూ పాతేసింది. గంట చప్పుడు దూరమైపోతోంది. అప్పుడు పడింది సరేనమ్మ గుండెల్లో రాయి. ఇల్లు ఎంతో దూరం. ఇది ఇక్కడే ఇలా నిలబడిపోతే డాక్టరు మాటే నిజమవుతుంది.

దూరంగా పెద్దాయన వీపు కనిపిస్తోంది. దాన్నే చూస్తూ ఉండిపోయింది. తెల్లోడు కూడా ఎప్పుడూ వెనక్కి తిరిగేవాడు కాదు. రాగికి ఇన్నేళ్లూ తెలిసింది ముందు నడిచేవాడి వెనకవైపే. తనేమో ఇన్నాళ్లూ దానికి ఎదురుగా, దారికి అడ్డంగా నిలబడి రమ్మంటోంది.

తాడు భుజం మీద వదులుగా వేసుకుని, రాగికి వీపు పెట్టి ఇంటివైపు తిరిగింది. నడవడం మొదలుపెట్టింది. తాడు బిగుస్తుందేమోనని వీపంతా చెవులైంది. బిగుసుకోలేదు. అలాగని వస్తున్నట్టు చప్పుడూ లేదు, గట్టు మీద అంతా మెత్తటి దుమ్ము.

“వస్తోందా వదినా?”

“నోర్మూసుకుని నడువు. తిరిగావంటే చంపుతాను.”

వంతెన దాటారు. సెలూను దాటారు. అడుగడుక్కీ తిరిగి చూడాలనే ఉంది సరేనమ్మకు. మెడ నరాలు లాగుతున్నాయి. వెనకనుంచి ఆడపడుచు గొణుగుడు ఆగకుండా వినిపిస్తోంది, లారీని చూసింది, బెదరలేదు, ఇదిగో ఎవరిదో గోడ మీద ఆకు కొరికింది, దొంగముండ, వస్తోంది, వస్తోంది.

మోటార్ల షాపు వచ్చింది. మేస్త్రీ గేటు బార్లా తీసి పట్టుకుని నిలబడ్డాడు. సరేనమ్మ ఆగలేదు. గేటు ముందు నుంచి అలాగే నడుచుకుంటూ ముందుకు పోయింది.

“ఏమే, గేటు దాటేశావు,” అంది ఆడపడుచు.

“దాటనీ వదినా. డాక్టరు గారి ఆసుపత్రి దాకా పోదాం. ఆయన్నోసారి చూడనీ.” ఇంకో అడుగు వేసింది. “వస్తోందా?”

ఆడపడుచు చీర ముక్కతో మొహం తుడుచుకుని, “వస్తోందే తల్లీ,” అంది. “నడువు.”