ఏటి సంగతి

అరవయ్యో దశకం చివర్లో నేను నరసన్నపేటలో బ్యాంకు గుమాస్తాని. అప్పట్లో బ్రాంచి పెద్దని మేనేజరు అనేవాళ్ళం కాదు, ఏజెంటుగారు అనేవాళ్ళం. మా పాత ఏజెంటుగారి బల్ల మీద ఓ గంట ఉండేది. అది మోగితే మా గుండెల్లో రాళ్ళు పడేవి. ఓసారి ఒక రైతుతో "ఏటి మావా, ఏటి పని?" అన్నాను. "ఇది బ్యాంకా, పశువుల సంతా?" అని ఆయన అందరి ముందూ నన్ను కడిగేశారు. ఒళ్ళు మండింది. అయినా ఆ రోజు నుంచీ కౌంటరు జాలీ వెనక పుస్తకం భాషే మాట్లాడాను.

ఆయన బదిలీ అయ్యారు. కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏజెంటుగారు వచ్చారు. ఆ వెనకే పైనుంచి ఉత్తరువు: వారం వారం సంతలో బల్ల వేసుకుని రైతుల చేత ఖాతాలు తెరిపించాలట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంకాయలమ్మినట్టు నేను కేకలు పెట్టాలా? మనలో మాట, అది కోపం కాదు, భయం. నోరు తెరిస్తే మళ్ళీ పరువు పోతుందని. ఆ పూటే బదిలీకి అర్జీ రాసిచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ తల పట్టుకుంది. "మీ కోపం సల్లగుండ! పుట్టినూరు ఇడిసి ఎక్కడికెల్తామండీ?"

ఏజెంటుగారు అర్జీ చదివి జేబులో పెట్టుకున్నారు. "ఈ ఒక్క సంతకీ నా పక్కన కూర్చోండి, తర్వాత చూద్దాం" అన్నారు.

సంతలో ముందుగా ఓ ముసలి రైతు వచ్చి బల్ల మీదికి వంగాడు. "ఏటి సంగతి?"

ఏజెంటుగారు కంగారుగా లేచారు. "ఏటి సంగతా? వంశధార పొంగిందా?"

"వంశదార ఏటి సేసినాది బాబూ?"

మా వైపు 'ఏటి' అంటే 'ఏమిటి' అని. ఆయన చెవికి అది ఏరు! నేను నవ్వాపుకోలేక చస్తూ అదే చెప్పాను. పాతాయనైతే ఆ పూట ఎవరి కొంపో మునిగేది. ఈయన పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ మాట నాకు రాదు గురువుగారూ. ఫారాలు నేను రాస్తాను, మీరు మాట్లాడండి."

నన్ను గురువుగారన్నారు! నా నోటికి పడిన తాళం ఊడింది. "రా మావా, కూకో. ఇది మన బేంకే. భయమేటి?" అంటూ మొదలెట్టాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నాలుగు సంతలయ్యాక సిగ్గు విడిచి ఆయన గదిలోకి వెళ్ళాను. "సార్, ఆ అర్జీ కాగితం పైకి పంపేశారా?"

ఆయన తలెత్తకుండానే అన్నారు, అచ్చం మా సంత మావల్లాగే.

"ఏటి కాగితం? అదెప్పుడో ఏట్లో కలిసిపోనాది!"