ఎక్కించని నంబరు

నయాపూల్ దగ్గర బస్సు ఆగిపోయిన మధ్యాహ్నం అది. నా పక్క సీటు మనిషి ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తీగతో తగిలించిన అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు ఉన్నాయి. మ్యాన్‌హోల్‌లో విషవాయువు పెరిగితే కూసే పరికరమట. నల్లటి తెరమీద ఒక ఆర్డర్ టైపు చేశాడు, తప్పుల్లేవని వచ్చింది. ఇంకొకటి కొట్టాడు, బోర్డు మీద దీపం మిణుకుమంది. తర్వాత సిగరెట్ లైటర్ వెలిగించకుండా గ్యాసు మాత్రం దానిమీదికి వదిలాడు. అది కీచుమని కూసింది.

"ఏందయ్యా గా లొల్లి?" అని కండక్టరమ్మ కేకేసింది.

"తప్పుల్లేవని వచ్చె గదా భాయ్, మళ్లా ఈ పరీక్ష ఏంది?" అన్నాను.

"మొదటి ఆర్డర్‌కు ప్రోగ్రాం తయారైతది అన్నా, గంతే. రెండోది కొడితేనే బోర్డులకు ఎక్కుతది. పోయినసారి ఎంత గ్యాసుకు కూయాల్నో గా నంబరు తగ్గించి, తయారు చేసి, తప్పుల్లేవనంగనే తీగ పీకేసిన. మా తమ్ముడు దాన్నే జేబుల వేసుకొని మ్యాన్‌హోల్ల దిగిండు."

"కూయలేదా?"

"లోపల పాత నంబరే ఉండె. గ్యాసు గా నంబరు దాకా రాకముందే వాడు పడిపోయిండు."

అతను లైటర్ మళ్లీ నొక్కాడు.

నాది ఉస్మాన్‌గంజ్‌లో కాంటాలు సరిచేసే పని. ఆ రోజు నుంచి సంచి సర్దుకున్నాక కూడా వెనక్కి వచ్చి, కిలో రాయి మరోసారి పెట్టి చూస్తాను. నా పనిమీద నాకే నమ్మకం లేదా అని సేట్లు నవ్వుతారు. లేదంటాను.