మెట్ల కింద పెట్టిన పరీక్ష

మొన్న ఎండాకాలం మొదట్లో మంజుల తన కంప్యూటర్ల దుకాణంలో ఒక మదర్‌బోర్డుకు వేడి లాగే హీట్‌సింకు బిగిస్తూ, దానితోపాటు తన చీర కొంగు అంచును కూడా బిగించేసింది. స్క్రూ గట్టిగానే పడింది. బోర్డు మీద పరీక్ష మొదలయ్యాక, టీ కోసం లేవబోతే లేవలేకపోయింది. అప్పుడు తెలిసింది సంగతి.

మరొకరైతే స్విచ్చి ఆపి, స్క్రూ విప్పి, కొంగు సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసేవారు. మంజుల మళ్లీ కూర్చుంది. నడుస్తున్న పరీక్షను మధ్యలో ఆపడం ఆమె పద్ధతిలో లేదు. సాయంత్రం దాకా బల్లకు కట్టేసినట్టు అలాగే కూర్చుని గిరాకీ చూసుకుంది. ఎదురు గోడ దగ్గర ఫోను మోగితే, ప్రింటరు ఇంకు కోసం వెళ్లిన నేను దాన్ని తెచ్చి ఆమె చెవి దగ్గర పట్టుకోవలసి వచ్చింది. అవతల ఆమె భర్త గణేశ్. కొంగు ఇరుక్కున్న సంగతి చెబితే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "సరే, కూర నేను వండుతలే" అన్నాడు.

రమాకాంత్ ఆ దుకాణంలో మొదటిసారి అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే మనిషి, వయసులో పెద్దవాడు. తను వస్తే లేవకుండా, కుర్చీలోంచే "కూసోండ్రి అన్నా" అనడం ఆయనకు నచ్చలేదు. పొగరనుకున్నాడు. పరీక్ష పూర్తయి ఆమె స్క్రూ విప్పినప్పుడు చూశాడు: కొంగు మీద గుండ్రంగా, గోధుమరంగులో మచ్చ. మంజుల దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "బోర్డు పాసైంది" అంది.

ఆ మాటతో ఆయనకు గురి కుదిరింది. ఆమె దగ్గర గురి కుదిరే తీరే అది.

మంజుల నాన్న కృష్ణయ్య పాలమూరు వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండిపోయాడు. ఎక్కడైనా మెట్లు పోస్తే, కింది చెక్కలు తీసిన రోజున అందరినీ దూరంగా నిలబెట్టి, ముందు తనే ఎక్కి ప్రతి మెట్టు మీదా గంతులు వేసేవాడు. "పడితే నాతోని పడాలె" అనేవాడు. కూతురికి గంతులు రాలేదు గానీ గుణం వచ్చింది. నారాయణగూడలో టైపింగ్ నేర్చుకోవడానికి చేరి, మొదటి వారంలోనే కంప్యూటరు ఎందుకంత వేడెక్కుతోందో చూద్దామని మూత విప్పింది. తిరిగి బిగించాక కొన్ని స్క్రూలు మిగిలిపోతే వాటిని పర్సులో వేసుకుని ఇంటికి వచ్చేసింది. మర్నాడు పట్టుకెళ్లి ఇచ్చేస్తే, నేర్పే ఆయన నవ్వి ఆమెను రిపేరు క్లాసులో కూర్చోబెట్టాడు. పెళ్లయ్యాక ఇంటికి కొత్త మిక్సీ వచ్చిన రోజున పొగ వచ్చేదాకా తిప్పి, "దీన్ని నమ్మొద్దు" అని తీర్పు చెప్పింది. అత్తగారు ఆ పూట పచ్చడి రోట్లో నూరుకున్నారు.

చిక్కడపల్లిలో ఆమెకు పేరొచ్చింది పాత కంప్యూటర్లను పరిగెత్తించడంలో. కంపెనీ ఒక చిప్పుకు ఇంత వేగం చాలని గీత గీసి పంపుతుంది. ఆ గీత దాటించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. పాతది కొత్తదానిలా పనిచేస్తుంది. కాకపోతే ఎక్కువ కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది, ఆ భారమంతా మదర్‌బోర్డు మోయాలి. మోయగలదో లేదో తేల్చడానికి మంజుల వేగాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ దానిచేత ఊపిరి సలపని లెక్కలు చేయిస్తుంది. ఎక్కడో ఒకచోట బోర్డు చేతులెత్తేస్తుంది. తెర బిగుసుకుపోతుంది. అక్కడినుంచి రెండు మెట్లు దించి మనిషికి అప్పగిస్తుంది.

"పడేదాక చూడాలె" అంటుంది. "ఏడ పడ్తదో తెల్వని దాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు."

కాలిపోయే లోపలే పడిపోయే తెలివి బోర్డుకు ఉంటుంది. ఆ తెలివి లోకంలో కరెంటుతో నడిచే ప్రతిదానికీ ఉంటుందని ఆమె నమ్మేది.

రమాకాంత్‌కు కావలసింది ఇది. గ్రూప్స్ పరీక్షలు దగ్గరపడ్డాయి. తన హాస్టల్ నుంచే ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా రివిజన్ క్లాసు లైవ్‌లో ఇప్పిస్తానని ఊళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు కూడా మాటిచ్చాడు. ఉన్న కంప్యూటరేమో ముసలిది.

"మధ్యల ఆగిందంటే నా ఇజ్జత్ పోతది, మంజులా."

"నా చేతిల పాసైంది ఆగదన్నా. ఆగితే దుకాణం బోర్డు పీకేస్త. ఒక యూపీఎస్ మాత్రం పెట్టుకోండ్రి."

"అదెందుకు? మా బిల్డింగుల ఫ్యూజు పోయిందన్న మాటే లేదు, ఎన్ని ఏండ్ల సంది."

ఆయన ఆ మాట గర్వంగా అన్నాడు. మంజుల కూడా మెచ్చుకోలుగా తల ఊపింది. పక్కనే ఉన్న నేనూ ఊపాను.

ఆ హాస్టల్ నాలుగంతస్తులది. ఒక్కో గదినీ ప్లైవుడ్ చెక్కలతో మూడు గదులు చేశారు. పైకి వెళ్లడానికీ కిందికి రావడానికీ ఉన్నవి ఒకే మెట్లు. ఆ మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, చిన్న అరలో కంప్యూటరు. తీగలన్నీ తెల్ల ప్లాస్టిక్ పట్టీలో గోడ పట్టుకుని మెట్లతో పాటే పైకి పోతాయి. ఆ గోడకు భుజం రాసుకోకుండా ఏ పిల్లా పైకి పోలేదు.

వేగం పెంచి పాసు చేసిన ఆ ముసలి కంప్యూటరును మంజుల అక్కడ పెట్టిన మర్నాడు సాయంత్రం అది ఆగిపోయింది. మంజుల వెళ్లింది. వెళ్లేసరికి బాగానే నడుస్తోంది. వేగం ఒక మెట్టు దించి వచ్చింది. ఆ మర్నాడూ ఆగింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ నడుస్తోంది. ఫ్యాను మార్చింది. హీట్‌సింకు విప్పి తుడిచి, వేడి దిగేందుకు కొత్త పేస్టు రాసింది. అవమానంతో ముఖం చిన్నబోయింది. "నా ముంగట మంచిగనే ఉంటది, నేను పోంగనే వేషాలేస్తది" అని బోర్డును తిట్టింది.

ఆ రోజుల్లోనే హాస్టల్లో ఎండుచేపల వాసన మొదలైంది. సాయంత్రాలే వచ్చేది, అదీ మెట్ల దగ్గరే. వంట మనిషి లక్ష్మవ్వ తను చేప ముట్టనే లేదని ఒట్టేసింది. రమాకాంత్ నియమం గల మనిషి. గదుల్లో వంటలు నిషేధమని ఎప్పుడో చెప్పాడు. ఎవరో దొంగతనంగా వేయించుకుంటున్నారని తేల్చుకుని గదిగదీ వెతికాడు. ఏమీ దొరకలేదు. "హాస్టల్ నందు ఎండుచేపలు నిషేధం" అని అచ్చు వేయించి గోడకు అతికించాడు. మూడో రోజుకల్లా ఆ కాగితం అంచులు ముడుచుకుని, పసుపు రంగుకు తిరిగాయి. దాన్నెవరూ పట్టించుకోలేదు. అది అతికించింది ఆ తెల్ల పట్టీ మీద.

శనివారం సాయంత్రం మంజుల అక్కడే కూర్చుని తేల్చుకోవాలని వచ్చింది. తెల్లారితే లైవ్. పరీక్ష మొదలుపెట్టింది. బోర్డు ఏ తొణుకూ లేకుండా లెక్కలు చేస్తోంది. రమాకాంత్ చెప్పులేసుకున్నాడు. రోజూ అదే వేళకు నారాయణగూడ దాకా నడిచి, చాయ్ తాగి వస్తాడు.

"ఇయ్యాల గూడ ఆగితే నా పాతదాన్ని పాత తీరుకే చేసి ఇచ్చెయ్" అన్నాడు.

"ఈన్నే కూసుంట. ఎట్ల ఆగుతదో చూస్త."

ఆయన చెప్పుల చప్పుడు సందు చివరికి పోయింది. పైన తలుపుల గడియలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ట్యూబ్‌లైటు మిణుకుమంది. తెర బిగుసుకుపోయింది. వాసన మొదలైంది.

ఇక్కడినుంచి సంగతి నాకు రేణుక చెప్పింది. మంజులను అడిగితే మధ్యలో ఒక ముక్క దాటేస్తుంది. రేణుక సిద్దిపేట వైపు అమ్మాయి, గ్రూప్స్ మూడోసారి రాస్తోంది. గదిలో ఉక్కపోతకు మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంది.

"మళ్ల ఆగిందా, అక్కా?"

"ఆగింది. ఎవరే పైన చేపలు ఏంచేది?"

రేణుక పుస్తకం మూసింది. "సార్‌కు చెప్పనంటే ఒకటి చెప్త."

"చెప్పు."

"చేపలు ఎవ్వరం వండలే. కరెంటు స్టవ్వులైతే ఉన్నయి, అందరి తాన. మంచాల కింద పెట్టుకుంటం. సార్ చాయ్‌కి పోంగనే ఆన్ చేస్తం, వచ్చేలోపల బంద్. గుడ్లు, మ్యాగీ, గంతే. ఈడ పప్పునీళ్లు తాగితే చదివింది తలకెక్కుతలేదు."

"మరి గదులన్ని వెతికిండు గద?"

"చేపలు వెతికిండు. స్టవ్వు దుప్పట్ల చుట్టి పెట్టిన. చేపల కోసం దుప్పట్లు ఎవరు ఇప్పుతరు?"

మంజుల ముఖం వెలిగిపోయింది. తప్పు తన బోర్డుది కాదు. పైన స్టవ్వులు వెలిగేసరికి కింద కరెంటు బలం తగ్గిపోతోంది, అంచు మీద పరిగెత్తుతున్న బోర్డు ముందుగా తొణుకుతోంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆమె మంజుల.

"పైకి పోయి చెప్పు" అంది. "ఉన్న స్టవ్వులన్ని ఒక్కసారే పెట్టమను, ఫుల్లు మీద."

"ఎందుకక్కా?"

"పడేదాక చూద్దాం."

ఆమె దాటేసే ముక్క ఇదే.

రేణుక పైకి పోయి చెప్పి వచ్చింది. పిల్లలు సంబరంగా పెట్టారు. మంజుల బోర్డును మళ్లీ లేపి పరీక్ష ఎక్కించింది. మొదట ట్యూబ్‌లైటు ఆరిపోయింది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేంత నెమ్మదించింది. తెర బిగుసుకుపోయింది. బోర్డు తన వంతుగా పడిపోయింది.

ఇక ఫ్యూజు. ఇంత బరువుకు ఏ ఫ్యూజైనా పోవాలి. ఠప్పుమని చప్పుడయ్యి ఇల్లంతా చీకటి కావాలి. మంజుల ఆ చప్పుడు కోసం చూసింది. రాలేదు. ఇంకా చూసింది. పైన ఎవరో నవ్వుతున్నారు. మీటర్ల వెనక ఏదో సన్నగా, నూనెలో ఆవగింజల్లా చిటపటమంటోంది. చేపల వాసన గొంతుకు పట్టుకుంది.

పడాల్సింది పడటం లేదు.

లేవడానికి గోడకు చేయి ఆనించింది. జ్వరంతో కాలే పసిబిడ్డ నుదురులా ఉంది గోడ. రేణుక ఫోను లైటు వేసింది. తెల్ల పట్టీ మెట్ల మలుపు దాకా మైనంలా వంగి వేలాడుతోంది. వాసన దాని లోపలినుంచి వస్తోంది. పై మూడంతస్తుల నిండా పిల్లలు గడియలు పెట్టుకుని స్టవ్వుల ముందు కూర్చున్నారు. కిందికి దారి ఈ గోడ పక్కనుంచే. మెట్లమీద గంతులేసే ముందు నాన్న అందరినీ ఎందుకు దూరంగా నిలబెట్టేవాడో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

మచ్చ పడ్డ కొంగునే చేతికి చుట్టుకుని మెయిన్ స్విచ్చి పట్టుకుని లాగింది. తుప్పుపట్టి కదల్లేదు. రెండు చేతులా వేలాడింది. స్విచ్చి దిగింది. నాలుగంతస్తులూ ఒక్కసారిగా చీకటయ్యాయి. నడుస్తున్న పరీక్షను ఆమె మధ్యలో ఆపడం అదే మొదలు.

"అందరిని కిందికి తోలు" అంది రేణుకతో. "గోడ ముట్టొద్దని చెప్పు."

పిల్లలు ఫోను లైట్లతో దిగారు. కొందరి చేతుల్లో ఉడికీ ఉడకని మ్యాగీ గిన్నెలు, ఒకమ్మాయి చున్నీ కొంగులో వేడి గుడ్డు. వరసగా వీధిలో నిలబడ్డారు. మంజుల ఫ్యూజు బయటికి లాగింది. వెంట్రుకలా ఉండాల్సిన తీగ స్థానంలో చీపురుపుల్లంత లావు రాగి తీగ మెలితిప్పి ఉంది. గీత దాటించి పరిగెత్తించడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ దాటించింది బోర్డును కాదు, బిల్డింగును. పరీక్ష పెట్టకుండా, మనుషుల్ని లోపల ఉంచి.

రమాకాంత్ వచ్చేసరికి హాస్టల్ మొత్తం వీధిలో ఉంది.

"గీ తీగ ఎవరు పెట్టిండ్రు?" అని అడిగింది మంజుల.

"నేనే. ఊకె ఫ్యూజు పోతుంటే ఎన్నిసార్లు లేవాలె?" అన్నాడు. తర్వాత పిల్లల చేతుల్లో గిన్నెలు చూశాడు. వాటిల్లో చేపల కోసం చూశాడు. తర్వాత గోడ ముట్టుకుని చూశాడు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం లైవ్ జరగలేదు. కరెంటు పనివాళ్లు పట్టీ విప్పితే, లోపలి తీగలు ఒకదానికొకటి అతుక్కుని నల్లటి ముద్దగా వచ్చాయి. మెట్ల నుంచి చెక్క గదుల వైపు ఆ కాలుడు ఎంత దూరం పాకిందో చూసి, వాళ్లు రమాకాంత్‌ను పక్కకు పిలిచి మాట్లాడారు. ఏం మాట్లాడారో ఆయన ఎవరికీ చెప్పలేదు.

మనిషికి భయం నాలుగు రోజులు ఉంటుంది, తర్వాత కోపం మిగులుతుంది. ఆ వారం చివర్లో ఆయన దుకాణానికి వచ్చాడు. గిరాకీ నిండుగా ఉంది. మంజుల ఏదో బోర్డుకు హీట్‌సింకు బిగిస్తోంది. ఈసారి కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఆగదన్నవు, ఆగింది" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "క్లాసు పోయింది. ఊర్లకెల్లి ఫోన్లు చేసి తిడుతున్నరు. ఆ పనోళ్లు ఇంక గోడలు తవ్వుతనే ఉన్నరు. నీ మిషిన్ మూలంగ నా పిల్లలందరు ఇయ్యాల్టి దాక చీకట్ల ఉన్నరు."

మంజుల స్క్రూ చివరి చుట్టు తిప్పి, తల ఎత్తకుండానే అంది:

"చీకట్లనన్న ఉన్నరు గద, అన్నా."