మేడ మీద ఒంటరి షూటింగు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా మేడ మీద అద్దెకున్న డైరెక్టరన్నకు ఒక అలవాటు ఉండేది. కంప్యూటర్‌లో ఏఐతో ఒక్కో షాట్ చేయించి, అది పూర్తికాగానే "కట్" అని గట్టిగా అనేవాడు. తర్వాత వెనక్కి తిరిగి చూసేవాడు. గదిలో ఎవరూ ఉండేవారు కాదు.

"అన్నా, ఎవురికి చెప్తా ఉండారు?" అని ఒకరోజు అడిగాను.

"కెమెరా పట్టేవాడు, లైట్లు కట్టేవాడు అందరూ చెన్నైకి పోయినారమ్మా. నా నోరు ఆ మాట మరవలేదు," అని నవ్వాడు.

ఆ సినిమాలో నల్లరేగడి పల్లె, పనినుంచి ఇంటికొచ్చే కొడుకు, గుమ్మంలో ఎదురుచూసే తల్లి, అన్నీ ఏఐ చేసినవే. నిజంలాగే ఉండేవి. తల్లి నోరు విప్పితే మాత్రం టీవీలో వార్తలు చదివినట్టుండేది.

"మన ఇంటి తెలుగు దీనికి రాలేదు పెద్దమ్మా," అని మా అత్తమ్మను గొంతు ఇమ్మని అడిగాడు.

ఆమె చెప్పాల్సింది ఒక్క మాటే. మైకు ముందు కూర్చుని, తెరను కాకుండా చిక్కిపోయిన అతని ముఖాన్ని చూస్తూ, "సాపాటు తింటివా అప్పా?" అంది.

"ఇంకా లేదు పెద్దమ్మా," అన్నాడతను. గొంతు వణికింది.

అత్తమ్మ కిందికెళ్లి అన్నం తెచ్చిపెట్టింది.

ఆ తర్వాత అతను ఇల్లు మారాడు. కొన్ని నెలలకు విరుదునగర్‌లో ఒక చిన్న హాల్లో ఆ సినిమా వేస్తే అత్తమ్మా నేనూ వెళ్లాం. తెర మీద తల్లి అత్తమ్మ గొంతుతో అడిగింది. కొడుకు డైరెక్టరన్న గొంతుతో బదులిచ్చాడు. "ఇంకా లేదు పెద్దమ్మా." ఆ వణుకు అలాగే ఉంది.

"కన్నతల్లిని పెద్దమ్మా అంటాడేమి?" అని పక్కసీటాయన గొణిగాడు.

"పిలిచేది నన్నప్పా," అంది అత్తమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.